1969 కమారోకు వెనుక డిస్కు బ్రేకులు: పని డైరీ

నవంబరు మొదటి వారం

మా గ్యారేజీలో ఉన్నది 1969 షెవర్లే కమారో ఎస్‌ఎస్. 350 ఘనపుటంగుళాల వీ8 ఇంజను, పన్నెండు బోల్టుల వెనుక యాక్సిల్, ముందు చక్రాలకు కంపెనీ నుంచే వచ్చిన పవర్ డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు 9.5 అంగుళాల డ్రమ్ములు ఉన్నాయి. డెట్రాయిట్ శివార్లలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఇలాంటి బండ్లను సాధారణంగా ఎవరూ బయటికి తీయరు. ఆ ఖాళీ నెలల్లోనే వెనుక డ్రమ్ములు తీసి డిస్కులు అమర్చే పని పెట్టుకున్నాను.

ఈ మార్పు ఎందుకన్నది ముందే తేల్చుకోవడం మంచిది. డ్రమ్ము బ్రేకు చేతగానిదేమీ కాదు. చక్రంతో తిరిగే గిన్నెలాంటి డ్రమ్మును లోపలి నుంచి వంపు తిరిగిన షూలు ఒత్తి ఆపుతాయి. తిరుగుతున్న డ్రమ్మే షూను తనతో పాటు ఈడ్చుకుపోయి ఇంకా గట్టిగా ఒత్తుకునేలా చేస్తుంది కాబట్టి తక్కువ కాలిబలంతోనే మంచి పట్టు దొరుకుతుంది. చిక్కల్లా వేడితోనే వస్తుంది. వెంటవెంటనే గట్టిగా బ్రేకు వేస్తూ పోతే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది, పెడల్ కిందికి దిగుతుంది, షూ మీది రాపిడి పొర (లైనింగు) పట్టు సడలుతుంది. ఈడ్చుకుపోయే గుణం పట్టును ఎంతగా పెంచుతుందో, సడలినప్పుడు నష్టాన్నీ అంతే పెంచుతుంది. పైగా లోపలికి చేరిన వాన నీరు అంత త్వరగా బయటికి పోదు. ఒక చక్రం ముందు పట్టి, రెండోది ఆలస్యంగా పడితే తోక పక్కకు లాగుతుంది. డిస్కు బ్రేకులో చక్రంతో తిరిగే బిళ్లను (రోటర్) క్యాలిపర్ అనే బిగింపు రెండు పక్కల నుంచి ప్యాడ్లతో నొక్కుతుంది. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది, నీటిని విదిలించేస్తుంది, వేడికి ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది.

ఆ కాలంలో కంపెనీకి ఈ సంగతి తెలియక కాదు. 1965 మోడల్ నుంచే షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌కు నాలుగు చక్రాలకూ డిస్కులు వచ్చాయి. 1969లో కమారోకు కూడా జేఎల్8 అనే ఆప్షన్ కింద కార్వెట్ తరహా నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు నాలుగు చక్రాలకూ ఇచ్చారు. కానీ ధర ఎక్కువ కావడంతో అలా తయారైన బండ్లు రెండు వందల పైచిలుకు మాత్రమే అంటారు. అసలు జేఎల్8 సామాను ఈనాడు దొరికినా దాని ధరకు ఇంకో బండి కొనుక్కోవచ్చు కాబట్టి ఆ దారి నాకు మొదట్లోనే మూసుకుపోయింది.

మిగిలినవి రెండు దారులు. 1998 నుంచి 2002 వరకు వచ్చిన కమారో వెనుక బ్రేకులను అడాప్టర్ బ్రాకెట్లతో ఈ యాక్సిల్‌కు తగిలించడం మొదటిది. వాటి రోటర్లు 12 అంగుళాలవి. పార్కింగ్ బ్రేకు కోసం రోటర్ నడిమి గిన్నెలో చిన్న షూలు విడిగా ఉంటాయి. ఏర్పాటుగా చూస్తే ఇదే మెరుగైనది. అయితే దానికి కనీసం 16 అంగుళాల చక్రాలు కావాలి, నేను మాత్రం బండితో వచ్చిన 15 అంగుళాల ర్యాలీ చక్రాలను వదులుకోను. అందుకని 11 అంగుళాల రోటర్లు, 1980 ప్రాంతపు కాడిలాక్ బండ్ల తరహా క్యాలిపర్లు ఉన్న కిట్ తెప్పించాను. వాటిలో పార్కింగ్ బ్రేకు యంత్రాంగం క్యాలిపర్ లోపలే ఉంటుంది. అది ఎంత మొండి ఘటమో విని ఉన్నాను. అయినా చక్రాల కోసం ఒప్పుకున్నాను.

నవంబరు చివరి వారం

బండిని ఎత్తి స్టాండ్ల మీద నిలిపాను. డ్రమ్ములు అంచున కట్టిన తుప్పు వల్ల షూలను పట్టుకుని రాలేదు. వెనుక పలకలోని సందులోంచి షూల దూరాన్ని సర్దే నక్షత్రపు చక్రాన్ని వెనక్కి తిప్పి షూలను దగ్గరికి లాగిన తర్వాతే ఊడివచ్చాయి. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి లోపలి దుమ్మును గాలితో ఊదకుండా తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను సంచిలో కట్టి పారేశాను.

ఈ యాక్సిల్‌లో గొట్టం లోపల తిరిగే ఇరుసును పట్టి ఉంచేది డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే నడిమి గేర్ల పెట్టె) లోపల ఉండే ఇంగ్లిషు సీ అక్షరం ఆకారపు చిన్న క్లిప్పు. డ్రమ్ము వెనుక పలకను తీయాలంటే ఇరుసును బయటికి లాగక తప్పదు, ఇరుసు రావాలంటే డిఫరెన్షియల్ మూత విప్పక తప్పదు. మూత కింది బోల్టులు వదులు చేయగానే పాత గేరు ఆయిల్ ఘాటైన వాసనతో పళ్లెంలోకి కారింది. మూత తీశాక అడ్డ కడ్డీని బిగించి ఉంచిన చిన్న బోల్టును ఊడదీయాలి. ఇదే అసలు భయం, ఎందుకంటే దాని తల విరిగితే పని వారాల పాటు ఆగిపోతుంది. తుప్పు వదిలించే నూనె రాత్రంతా నాననిచ్చి, పొద్దున కొద్దిగా వేడి చేసి, పానాను మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడిస్తే టక్కుమని వదిలింది. అడ్డ కడ్డీని బయటికి లాగి, ఇరుసు చివరను బయటి నుంచి లోపలికి నెట్టగానే క్లిప్పు గాడిలోంచి జారింది. అయస్కాంతపు పుల్లతో దాన్ని అందుకున్నాను. కడ్డీ తీసి ఉన్నంతసేపూ ఇరుసులను తిప్పకూడదు. తిప్పితే లోపలి చిన్న గేర్లు తమ చోటి నుంచి దొర్లిపోతాయి, వాటిని మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టడం పెద్ద తలనొప్పి.

ఇక్కడ బేరింగుకు విడిగా లోపలి వలయం ఉండదు, రోలర్లు నేరుగా ఇరుసు మీదే దొర్లుతాయి. కాబట్టి ఇరుసు బయటికి వచ్చినప్పుడు ఆ చోటును వేలిగోరుతో తడిమి చూడాలి. కుడి ఇరుసు అద్దంలా ఉంది. ఎడమ దాని మీద సన్నని గీతలు కనిపించినా గోటికి తగిలే గుంటలు లేవు. కొత్త బేరింగులు, కొత్త సీళ్లు వేసేశాను. ఈ దశలో సీళ్ల దగ్గర పీనాసితనం చూపిస్తే రేపు గేరు ఆయిల్ కొత్త ప్యాడ్ల మీదికే కారుతుంది.

డిసెంబరు

బ్రాకెట్లు, రోటర్ల పని త్వరగానే తెమిలింది. యాక్సిల్ చివరి పలకకు పాత వెనుక పలకను పట్టి ఉంచిన అవే నాలుగు బోల్టులతో బ్రాకెట్ కూర్చుంది. ఎడమ బ్రాకెట్ అంచు షాక్ అబ్జార్బర్ కింది బోల్టుకు మరీ దగ్గరగా వచ్చింది కాబట్టి బోల్టు తలను అటువైపు తిప్పి బిగించాను.

రోటర్‌ను తగిలించే ముందు ఇరుసు ముఖం మీద ఉన్న తుప్పును వైరు బ్రష్‌తో పూర్తిగా గీకాను. అక్కడ ఒక్క పొర తుప్పు మిగిలినా రోటర్ అంచు దగ్గర అది ఎన్నో రెట్లు పెరిగి ఊగుగా కనబడుతుంది. డయల్ గేజీ పెట్టి తిప్పి చూస్తే కుడి రోటర్ బాగానే ఉంది, ఎడమది అంగుళంలో వెయ్యింటికి ఏడు వంతులు ఊగింది. ఐదు వంతులు దాటితే నాకు నచ్చదు. రోటర్‌ను ఒక బోల్టు రంధ్రం పక్కకు జరిపి బిగిస్తే ఊగు సగానికి పడిపోయింది. అలా కూర్చున్న చోటును రంగు చుక్కతో గుర్తుపెట్టాను.

రోటర్లను కొలిచే ముందే ఇరుసులను వెనక్కి పెట్టి, క్లిప్పులు, అడ్డ కడ్డీ, దాని బోల్టు బిగించి, మూత వేసి కొత్త ఆయిల్ పోశాను. పాజిట్రాక్షన్ (ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే క్లచ్చు ఏర్పాటు) ఉన్న బండి కాబట్టి ఆయిల్‌తో పాటు క్లచ్చు పలకలకు అవసరమైన ప్రత్యేక ద్రవం కూడా కలపాలి. లేకపోతే మలుపుల్లో వెనుక నుంచి కటకటమని శబ్దం వస్తుంది.

జనవరి

చాలామంది వెనుక డిస్కుల పనంటే క్యాలిపర్లు బిగించడమే అనుకుంటారు. నా లెక్కలో అది సులువైన సగం. మాస్టర్ సిలిండర్ (కాలిబలాన్ని ఆయిల్ ఒత్తిడిగా మార్చేది), వాల్వులు, గొట్టాలు సరిపోకపోతే కొత్త క్యాలిపర్లు ఉన్నా పాత డ్రమ్ములే నయమనిపిస్తాయి.

మొదట మాస్టర్ సిలిండర్ సంగతి. పాతదానిలో వెనుక బ్రేకుల వైపు తొట్టి చిన్నది. డ్రమ్ము షూలు అరిగినా వాటికి పోయే బ్రేకు ఆయిల్ పెద్దగా పెరగదు కాబట్టి అది సరిపోయేది. డిస్కు ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ బయటికి జరిగి వెనుక ఖాళీ అయిన చోటంతా ఆయిల్‌తో నిండుతుంది, కాబట్టి రెండు తొట్లూ పెద్దవే కావాలి. ఇక రెండో విషయాన్ని పట్టించుకునేవారు తక్కువ. షూలను పట్టి లాగే స్ప్రింగులకు ఎదురుగా వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలను నెట్టేది) రబ్బరు అంచులు ఒరుసుకుని ఉండేలా, డ్రమ్ముల వైపు దారిలో సుమారు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉండేది. అదే ఒత్తిడి డిస్కు వైపు నిలిస్తే ప్యాడ్లు ఎప్పుడూ రోటర్‌కు ఆనుకుని వేడెక్కుతాయి. కొత్త సిలిండర్ రంధ్రాల్లో సన్నని తీగ దూర్చి లోపల స్ప్రింగు అడ్డు తగలడం లేదని నిర్ధారించుకున్న తర్వాతే దాన్ని బిగించాను.

సిలిండర్ లోపలి వ్యాసం ఎంత ఉండాలన్నది లెక్కగా చూసుకోవాలి. సిలిండర్ పిస్టన్‌ను పుష్‌రాడ్ అనే కడ్డీ 450 పౌండ్ల బలంతో నెట్టిందనుకుందాం. ఒక అంగుళం వ్యాసానికి వైశాల్యం 0.785 చదరపు అంగుళాలు, అంటే 573 పీఎస్‌ఐ ఒత్తిడి వస్తుంది. అంగుళం మీద ఇంకో ఎనిమిదో వంతు (1.125 అంగుళాల) వ్యాసమైతే వైశాల్యం 0.994, ఒత్తిడి 453 పీఎస్‌ఐ. చిన్న సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ, కానీ పెడల్ చాలా దూరం దిగాలి. వెనుక అంగుళం కూడా లేని వీల్ సిలిండర్ల స్థానంలో రెండు అంగుళాలకు పైబడిన పిస్టన్లు వచ్చాయి కాబట్టి ఇప్పుడు నెట్టవలసిన ఆయిల్ ఎక్కువ. ఇంజను వాక్యూమ్‌తో కాలిబలాన్ని పెంచే బూస్టర్ సాయం ఉంది, మామూలు క్యామ్ షాఫ్ట్ కాబట్టి ఇంజను వాక్యూమ్ కూడా బాగానే ఉంది. అందుకని 1.125 అంగుళాలదే ఎంచుకున్నాను. వాక్యూమ్ తక్కువగా ఇచ్చే రేసు క్యామ్ ఉన్నవారికి ఇది సరిపోదు.

బూస్టర్ పుష్‌రాడ్‌కూ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య సన్నని ఖాళీ తప్పనిసరిగా ఉండాలి. రాడ్ పొడుగై పిస్టన్‌ను కొంచెం ముందుకు నెట్టి ఉంచితే ఆయిల్ తొట్టిలోకి వెనక్కి పోయే రంధ్రం మూసుకుపోతుంది. బండి బయలుదేరినప్పుడు ఏమీ తెలియదు. ఆయిల్ వేడెక్కి వ్యాకోచించాక పోవడానికి దారి లేక నాలుగు చక్రాలూ తమంతట తామే పట్టేస్తాయి.

ఇప్పుడు వాల్వులు. ఈ బండిలో ముందు బ్రేకుల దారిలో ఒక మీటరింగ్ వాల్వు ఉంది. వెనుక షూలు స్ప్రింగులను దాటుకుని డ్రమ్మును తాకే వరకు ముందు డిస్కులను క్షణం ఆపి ఉంచడమే దాని పని. వెనుక కూడా డిస్కులే అయినప్పుడు దానితో పని లేదు కాబట్టి తీసేశాను. ఒక వైపు ఒత్తిడి పోతే దీపం వెలిగించే స్విచ్చు దిమ్మను మాత్రం ఉంచుకున్నాను. వెనుక దారిలో చేతితో తిప్పి సర్దుకునే ప్రొపోర్షనింగ్ వాల్వు పెట్టాను.

ఈ వాల్వు ఎందుకు తప్పదో కాగితం మీదే కనిపిస్తుంది. నాతో కలిపి బండి బరువు సుమారు 3,400 పౌండ్లు, ముందు చక్రాల మీద 56 శాతం, చక్రాల మధ్య దూరం 108 అంగుళాలు, గరిమనాభి ఎత్తు 20 అంగుళాలు అనుకుందాం. నిలిచి ఉన్నప్పుడు ముందు 1,904 పౌండ్లు, వెనుక 1,496 పౌండ్లు. వేగం 0.8 జీ (గురుత్వ త్వరణంలో 0.8 వంతు) చొప్పున తగ్గేలా బ్రేకు వేస్తే సుమారు 504 పౌండ్లు వెనుక నుంచి ముందుకు వాలిపోతాయి. అప్పుడు వెనుక మిగిలేది 992 పౌండ్లు, అంటే మొత్తంలో 29 శాతం మాత్రమే. ఆ తేలికైన చక్రాలకు ముందువాటితో సమానమైన ఒత్తిడి పంపితే అవి ముందే బిగుసుకుపోతాయి. ముందు చక్రాలు బిగుసుకుంటే బండి తిన్నగా జారుతుంది, వెనుకవి బిగుసుకుంటే గిర్రున తిరుగుతుంది. మెత్తగా తొక్కినప్పుడు రెండు వైపులా ఒకే ఒత్తిడి పోనిచ్చి, నిర్ణయించిన ఒత్తిడి దాటాక వెనుక పెరుగుదలను మాత్రం తగ్గించడం ఈ వాల్వు చేసే పని. దాని మీటను డ్రైవరు చేతికి అందేలా పెట్టేవారూ ఉన్నారు. రోడ్డు మీద తిరిగే బండిలో నడుపుతూ తిప్పేలా పెట్టడం నాకు సమ్మతం కాదు, అందుకే బానెట్ కిందే బిగించాను.

గొట్టాలకు రాగి-నికెల్ రకం తీసుకున్నాను. చేతితో వంగుతుంది, తుప్పు పట్టదు, మిషిగన్ ఉప్పుకు అంతకన్న ఏం కావాలి? చివరలు రెండు మడతల ఫ్లేరు (విప్పార్చిన అంచు) చేశాను. క్యాలిపర్ దగ్గరి రబ్బరు గొట్టాలకు రెండు వైపులా కొత్త రాగి వాచర్లు వేశాను. స్ప్రింగులు పూర్తిగా దిగి యాక్సిల్ వేలాడుతున్నప్పుడు గొట్టం బిగుతుగా లాగకుండా, బండి బరువు పడినప్పుడు షాక్‌కు రాసుకోకుండా ఉందో లేదో రెండు స్థితుల్లోనూ చూసుకున్నాను.

ఫిబ్రవరి

మాస్టర్ సిలిండర్‌లోని గాలిని వైస్‌లో పెట్టినప్పుడే తీసేసి బండికి బిగించాను. మిగిలిన ఎయిర్ తీయడానికి మా అక్క కొడుకు వచ్చాడు. వాడు పెడల్ మీద, నేను చక్రం దగ్గర.

"తొక్కి పట్టు."

"పట్టాను మామయ్యా."

"నేను చెప్పేదాకా కాలు తీయకు."

క్యాలిపర్ మీద గాలి వదిలే నిపుల్‌ను పావు మలుపు వదులు చేయగానే పారదర్శకపు గొట్టంలో బుడగలు తెల్లని తీగలా పరుగెత్తాయి. మళ్లీ బిగించాక "వదులు" అన్నాను. ఇలా కుడి వెనుక, ఎడమ వెనుక, కుడి ముందు, ఎడమ ముందు వరసలో ఆయిల్ తేటగా వచ్చేవరకు సాగింది. పోసింది డాట్ 4 రకం బ్రేకు ఆయిల్. నీరు చేరని స్థితిలో దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, డాట్ 3కు అది 205. ఏది పోసినా పెయింట్ మీద పడిన చుక్కను వెంటనే నీళ్లతో కడగాలి.

బుడగలు ఆగిపోయినా పెడల్ లోతుగానే దిగింది. ఈ తరహా క్యాలిపర్లతో చాలామంది ఇక్కడే చిక్కుకుని, గాలి ఉందనుకుని సీసాల కొద్దీ ఆయిల్ పారబోస్తారు. నిపుల్ క్యాలిపర్‌లో అన్నిటికన్న పైన ఉందో లేదో చూడటం మొదటి పని, ఎడమదీ కుడిదీ తారుమారైతే అది కిందికి వస్తుంది, లోపలి గాలి ఎన్నటికీ బయటికి రాదు. నా దగ్గర అది సరిగానే ఉంది. అసలు కారణం పార్కింగ్ బ్రేకు మర. దాని మీటను లాగి వదిలినప్పుడల్లా లోపలి మర కాస్త తిరిగి పిస్టన్‌ను రోటర్‌కు దగ్గరగా నిలుపుతుంది. ఆ సర్దుబాటు జరగకపోతే ప్రతిసారీ పిస్టన్ చాలా దూరం ప్రయాణించాలి, అందుకే పెడల్ దిగుతుంది. కేబుల్ తగిలించకముందే మీటను చేత్తో పూర్తిగా లాగి, పూర్తిగా వెనక్కి వదులుతూ పోయాను. ప్యాడ్లు రోటర్‌ను మెత్తగా ఒరుసుకునే దాకా వచ్చాక పెడల్ రెండు అంగుళాలు పైకి లేచి గట్టిపడింది.

ఆ తర్వాత కేబుళ్లు. మీట తన అడ్డును తాకేంతవరకు వెనక్కి పోవాలి. కేబుల్ కొంచెం బిగుతై మీటను మధ్యలోనే ఆపితే ఆ సర్దుబాటు ఆగిపోతుంది. మరో సంగతి కూడా ఉంది. ఈ బండిని నిలిపిన ప్రతిసారీ పార్కింగ్ బ్రేకు తొక్కాలి. వాడకుండా వదిలేస్తే ప్యాడ్లు అరిగే కొద్దీ పెడల్ మళ్లీ దిగుతుంది. గేరులో పెట్టి దిగిపోయే అలవాటు ఉన్నవారు 12 అంగుళాల రోటర్ల దారి పట్టడం మేలు.

ఏప్రిల్ రెండో వారం

వానలు ఉప్పును కడిగేశాక బండి బయటికి వచ్చింది. కొత్త ప్యాడ్లు రోటర్లకు ఒదిగేలా చేయడానికి ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి నెమ్మదించి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకుంటూ పోయాను. కాసేపటికి ఘాటైన వాసన వచ్చి తగ్గింది. ఆపైన బ్రేకు తొక్కకుండా నడిపి చల్లారనిచ్చాను.

తర్వాతి వారాంతం యజమాని అనుమతితో ఒక మూతపడిన దుకాణం పార్కింగ్ స్థలంలో వాల్వు సర్దాము. టైర్ల పక్క గోడల మీద తెల్ల టేపు ముక్కలు అంటించి, మా వాడు పక్క నుంచి ఫోనులో నెమ్మది వీడియో తీశాడు. ఏ చక్రం ముందు బిగుసుకుందో కంటికి తెలియకపోవచ్చు, టేపు ముక్క మాత్రం దాచదు. వెనుక ఒత్తిడిని బాగా తగ్గించి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ, వెనుక చక్రం ముందుగా బిగుసుకున్న చోటు నుంచి వెనక్కి వచ్చాను. ట్రంకు ఖాళీ, నేల పొడి, బండిలో నేనొక్కణ్ణే, అంటే వెనుక చక్రాలు అన్నిటికన్న తేలికయ్యే స్థితి. తడి నేల మీద బండి అంత గట్టిగా ఆగదు, బరువు అంతగా ముందుకు వాలదు కాబట్టి పొడి నేలకు సరిపడిన అమరిక అక్కడ కూడా వెనుక చక్రాలను ముందుగా బిగుసుకోనివ్వదు.

ఫలితం నేను ఊహించినట్టే ఉంది. ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు ఆగే దూరంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ దూరాన్ని టైర్లే నిర్ణయిస్తాయి, అది మాత్రమే తగ్గించాలంటే ఈ డబ్బు మంచి టైర్ల మీద పెట్టడం నయం. వరసగా ఆపుతూ పోయినప్పుడు మాత్రం పెడల్ ప్రతిసారీ అదే ఎత్తులో పట్టింది, బండి తోక ఎటూ లాగలేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూస్తే ముందు రోటర్లు వెనుకవాటికన్న బాగా వేడిగా ఉన్నాయి, ఎడమ కుడి వెనుక రోటర్లు మాత్రం దాదాపు సమానం.

ఏప్రిల్ చివరి వారం

వర్షంలో నడిపి చూశాను. రెండు వెనుక చక్రాలూ కలిసే పట్టాయి. చక్రాల నట్లు మళ్లీ టార్క్ పానాతో బిగించి, ప్రతి కీలు దగ్గరా కాగితపు గుడ్డ ఒత్తి తడి లేదని చూసుకున్నాను. కొత్త కేబుల్ కొద్దిగా సాగింది కాబట్టి మధ్య నట్టును ఒక మలుపు బిగించి, మీటలు అడ్డును తాకుతున్నాయని సరిచూశాను. డ్రమ్ములు, వెనుక పలకలు, మీటరింగ్ వాల్వు చీటీలు కట్టి ఒకే పెట్టెలో పెట్టాను. బండి ఎప్పుడైనా చేతులు మారితే కొనేవారు అడిగేది వాటినే. ప్రొపోర్షనింగ్ వాల్వు లాక్ నట్టు బిగించి, మీట నిలిచిన చోట తెల్ల రంగుతో గీత పెట్టాను. వెనుక టైర్ల రకం గానీ సైజు గానీ మారితే ఆ గీత చెల్లదు, పార్కింగ్ స్థలంలో మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి.